పంపరపనస దొంగలు

మా ఊళ్ళో ఎవరూ మొక్క అడగరు. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదనీ, ఇచ్చినవాళ్ళ మీద బెంగతో మొహం మాడ్చుకుని కూర్చుంటుందనీ ఇక్కడి ఆడవాళ్ళ నమ్మకం. అందుకని దొంగిలిస్తారు. ఎవరి పెరట్లోనైనా కరివేప పిలకో, మల్లె అంటో, తమలపాకు తీగో పచ్చగా కళకళలాడుతోందంటే, అది పక్కవాళ్ళ పెరట్లోంచి చెప్పకుండా వచ్చిందన్నమాటే.

నేను తాడేపల్లిగూడెం అవతల మెరక ఊరి పిల్లని. మా వైపు మొక్క కావాలంటే నర్సరీకి వెళ్ళి కొనుక్కుంటాం, లేదంటే "అత్తా, ఒక కొమ్మ ఇవ్వవా" అని నోరారా అడుగుతాం. పెళ్ళయి, గుండుగొలను దాటి కొల్లేటి వైపున్న ఈ ఊరికి కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చూద్దును కదా, దడి అవతలి ఇంటావిడ మా పెరట్లోకొచ్చి మా కరివేప మొదట్లో చిన్న గునపంతో తవ్వుతున్నారు. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అని పిలుస్తాను, అత్తగారు వదినగారూ అంటారు. అంత పెద్దావిడ, పట్టపగలు! నేను కేక వెయ్యబోయేసరికి అత్తగారు వంటింట్లోంచి గబగబా వచ్చి, నా భుజాలు పట్టుకుని అటు తిప్పేశారు.

"చూడకమ్మాయ్! చూస్తే పిలక చచ్చిపోద్ది."

"ఆవిడ తవ్వుతున్నది మన మొక్కేనండీ!"

"మనదే. మనదైతేనే చూడకూడదు. ఆ చీర సరిగ్గా ఆరెయ్యి ముందు, కుచ్చిళ్ళు నేలకి ఆనుతున్నాయి."

ఇద్దరం చెట్టు వైపుకి వీపు తిప్పి, ఆరేసిన చీరనే మళ్ళీ మళ్ళీ సర్దుతూ నిలబడ్డాం. వెనక గునపం చప్పుడు, వేరు తెగిన చప్పుడు, పిన్నిగారి ఆయాసం, అన్నీ వినపడుతున్నాయి. చివరికి ఆవిడ గట్టిగా దగ్గి వెళ్ళిపోయారు. ఆ దగ్గుకి అర్థం పని అయిపోయింది, ఇక మీరు ఇటు తిరగొచ్చు అని. సాయంత్రం ఆవిడే కాఫీపొడి కోసం వచ్చి మా అరుగు మీద గంటసేపు కబుర్లు చెప్పారు. కోడళ్ళ సంగతులు, కొర్రమీను పులుసు సంగతులు అన్నీ వచ్చాయి గాని కరివేప మాట ఒక్కటి రాలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారు నాకు పద్ధతి చెప్పారు. మొక్క గలవాళ్ళు చూడకూడదు. తీసుకున్నవాళ్ళు ఆ మాట ఎత్తకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కటే ఉన్న చోట చెయ్యి పెట్టకూడదు.

"ఒక్కటే ఉంటే తీస్తే అది దొంగతనం అవుద్దమ్మా."

"మరి మిగతావి ఏంటండీ?"

"మిగతావి మొక్కలు," అన్నారు, మజ్జిగ పోసుకుంటూ.

మా అత్తగారికి చదువు లేదు, నాకు అయిదో తరగతి. మొక్కల దగ్గర మాత్రం ఆవిడ నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. మునగ కొమ్మ పాతితే పైకొన మీద పేడ ముద్ద పెట్టాలి, లేకపోతే వాన నీళ్ళు దిగి కుళ్ళుతుంది. కరివేపకి కొమ్మలు పనికిరావు, పక్కన లేచిన పిలకల్ని తల్లి వేరు ముక్కతో సహా తియ్యాలి. అరటి పిలకల్లో కత్తుల్లా సన్నటి ఆకులున్నవే మంచివి. వెడల్పాకులతో ముద్దుగా కనపడేవి చూడ్డానికి బాగుంటాయి గాని గెల సరిగ్గా వెయ్యవు. దానిమ్మ కొమ్మని నేలకి వంచి, మధ్యలో మట్టి కప్పి, మీద రాయి పెట్టి మర్చిపోవాలి. "మర్చిపోవడం రాకపోతే మొక్కలు పెంచలేవు," అనేవారు. నేను రోజూ రాయి ఎత్తి చూసేదాన్ని. వేళ్ళు వచ్చేవి కావు. "నువ్వు నిమిషానికోసారి దుప్పటి లాగుతుంటే అదెలా పడుకుంటుందమ్మా?" అని కసిరేవారు.

ఇన్నింటిలోనూ ఆవిడ ప్రాణమంతా పెరటి చివర ఉన్న పంపరపనస మీదే. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంక. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ పెరట్లో చెట్టుకి అంటు కట్టించి, పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారట. ఆ తర్వాత ఒక ఏడాది వరద నీళ్ళు లంకలో నెలల తరబడి నిలిచిపోయి అక్కడి తల్లి చెట్టు పోయింది. ఇక మిగిలింది మా పెరట్లో చెట్టే. కాయ చిన్న బిందెంత ఉండేది. పైతోలు బొటనవేళ్ళతో వలిస్తే లోపల గులాబీరంగు తొనలు. పెద్ద తీపి కాదు, పులుపూ కాదు, నాలుక చివర కొంచెం చిరుచేదు తగిలి పోయేది. అత్తగారు పండు వలిచేటప్పుడు మాట్లాడేవారు కాదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడ ఒంటికి పడని పని, కాబట్టి మాకు తెలిసేది ఆ చెట్టంటే ఏమిటో.

అలాంటి చెట్టుకి కష్టం వచ్చింది. మా పెరటి వెనక పొలాన్ని తవ్వి చేపల చెరువు చేశారు. గట్టు పోసి నీళ్ళు పెట్టినప్పటినుంచి మా పెరటి చివరంతా ఊటే. అరటికి ఆ తడి పండగలా ఉంది, ఒకదాని పక్కన ఒకటి పిలకలు లేచాయి. పంపరపనసకి మాత్రం కాళ్ళు తడిస్తే పడదు. ముందు ఆకులు పసుపెక్కాయి, తర్వాత చిటారు కొమ్మలు ఎండడం మొదలైంది. చుట్టూ కాలువ తీశాం, బూడిద వేశాం, మట్టి ఎత్తు పోశాం. అత్తగారు ఒకరోజు చెట్టు మొదలు గోటితో గీకి చూసి, వాసన చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు.

"వేరు కుళ్ళింది. ఇది పోద్దమ్మాయ్."

"గింజలున్నాయిగా అత్తయ్యగారూ, వేద్దామండీ."

"గింజకి ఎవరి పోలిక వస్తదో ఎవరికి తెలుసు? అది కాసేదాకా నేనుండొద్దూ? అంటు కట్టాలి. ఇది పోయేలోగా దీని పిల్ల ఒకటి ఇంటి ముందు మెరక మీద నిలబడాలి. నాకింకేమీ వద్దు, అదొక్కటి చాలు."

తొలకరి పడగానే మొదలుపెట్టాం. ఆవిడకి మోకాళ్ళు వంగవు, కాబట్టి బల్ల మీద ఎక్కింది నేను, కింద నుంచి బల్ల కాళ్ళూ నా ప్రాణమూ పట్టుకున్నది ఆవిడ. ఇంకా పచ్చగా ఉన్న కొమ్మల్లో నాలుగు ఎంచారు.

"వేలు లావుంటే చాలు. ఉంగరం తిప్పినట్టు చుట్టూ కొయ్యి. కిందొక గాటు, పైనొక గాటు. మధ్యలో బెరడు ఊడబెరుకు. ఆ జిగురంతా గీకెయ్యి, ఉంచావంటే మళ్ళీ అతుక్కుపోయి మనల్ని చూసి నవ్వుద్ది."

గీకిన చోట తడిమట్టి ముద్ద కట్టాలి. ఇక్కడ మా ఇద్దరికీ అతి తెలివి పుట్టింది. చెరువు అడుగు మట్టికి బలం ఎక్కువ కదా అని అది తెచ్చి పెట్టాం. మీద చుట్టడానికి చేపల మేత వచ్చిన ఖాళీ సంచులు కోసి కట్టాం. ఎంత కడిగినా ఆ సంచులకి తవుడూ, తెలకపిండీ వాసన పోదు. మర్నాటికి కాకులూ ఉడుతలూ చెట్టు మీద సంత పెట్టాయి. మాపటికి ఒక్క కట్టు మిగల్లేదు.

దడి మీదనుంచి పిన్నిగారి గొంతు వినపడింది. "ఏవండీ వదినగారూ, మేత సంచులు చెట్టుకి కట్టారేంటండీ? చేపలు గాని పైకెక్కినియ్యా?"

"ఎక్కినయ్యండీ. ఒక బొచ్చె మీకు పంపనా?"

"పంపండి, ఇగురు పెట్టి మీకే పంపుతాను, ఆయ్!"

రెండోసారి మట్టిలో నానబెట్టిన కొబ్బరి పీచు కలిపాం. చుట్టడానికి అత్తగారు బీరువాలోంచి చీరల కవర్లు తీశారు. ఏలూరు కొట్లలో చీర కొంటే ఇచ్చే కవర్లు, నలగకుండా ఎన్నాళ్ళనుంచో దాచారు. నేనే ఒకసారి వాటిని పారేద్దామంటే మాట్లాడటం మానేశారు. ఇప్పుడు ఒక్కొక్కటే కోసి ఇస్తుంటే, ఇది ఫలానా పెళ్ళికి కొన్న చీరది, ఇది ఫలానా శ్రావణమాసానిది అని చెప్పుకొచ్చారు. పురికొసతో రెండు వైపులా బిగించి కట్టాం. ఈసారి కాకులు వచ్చి వాసన చూసి, మా వంక అదోలా చూసి ఎగిరిపోయాయి.

కవరు అద్దంలా ఉంటుంది కాబట్టి లోపల జరిగేదంతా కనపడేది. వానలు తగ్గేసరికి పీచులో తెల్లదారాలు తిరిగాయి. వేళ్ళు! నేను బల్ల మీదనుంచి అరిచిన అరుపుకి వీధి వీధంతా వచ్చింది. అత్తగారు ఒక్కొక్కరినీ చెట్టు దాకా తీసుకెళ్ళి చూపించారు. వచ్చినవాళ్ళు మెడలు పైకెత్తి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉన్నాయండీ" అని మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకుంటూ ఎత్తు కూడా చూసుకుంటున్నారని మాకు తట్టలేదు.

"ఇప్పుడే కొయ్యకూడదు. తెల్లవేళ్ళు పసిబిడ్డ పళ్ళలాంటివి. కాస్త రంగు మారి గట్టిపడనీ," అన్నారు అత్తగారు.

ఆగాం. కార్తీకంలో ఆడపడుచు కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తామంటే ఇంటిల్లిపాదీ ద్వారకా తిరుమల వెళ్ళాం. రాత్రి కొండ మీదే ఉండి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. ప్రసాదం సంచీ నా చేతికిచ్చి అత్తగారు తిన్నగా పెరట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే ఆవిడ చెట్టు కింద మెడ ఎత్తి నిలబడి ఉన్నారు. నాలుగు అంట్లూ లేవు.

"ఇది కొడవలితో కోసింది," అన్నారు నెమ్మదిగా. "ఇది కత్తి. ఇది చూడు, బ్లేడు. పాపం, ఎంతసేపు కోసిందో. ఇదిగో, ఇది కోత మీద పేడ కూడా రాసి వెళ్ళింది. బుద్ధిమంతురాలు."

"ఒక్కటే ఉంటే తియ్యకూడదన్నారుగా అత్తయ్యగారూ! మరి ఆ చివరిది ఎలా తీశారండీ?"

"ముందు పోయినవాటిని మనమే కోసి లోపల పెట్టుకున్నామని ఎవరికి వాళ్ళే అనుకుని ఉంటారు. అవి పోను మిగిలిందే కదా అని తీసుంటారు."

నాకు ఒళ్ళు మండింది. "పదండి, ఇప్పుడే నాలుగిళ్ళకీ వెళ్ళి అడుగుదాం."

"అడిగితే తిరిగిచ్చేస్తారు. అడిగి తెచ్చుకుంది బతకదు."

"బతకదని ఎవరన్నారండీ?"

ఆవిడ నా వంక చూశారు. "నేనే. ఈ వీధిలో ఇంతమందికీ ఆ మాట నేర్పింది నేనే కదే."

కొత్తగా కడదామంటే చెట్టుకి పచ్చ కొమ్మ లేదు.

ఆ తర్వాత ఎవరింట్లో పేరంటమైనా అత్తగారు మానలేదు. మోకాళ్ళు నొప్పైనా సరే నా భుజం పట్టుకుని వచ్చేవారు. పసుపు రాయించుకుని, తాంబూలం పుచ్చుకుని, "మీ పెరట్లో బావి నీళ్ళు బాగుంటాయి కదండీ, కాళ్ళు కడుక్కుంటాను" అని వెనక్కి నడిచేవారు. అలా తెలిసింది నాలుగు అంట్ల సంగతీ. ఒకరు తాము తీసుకెళ్ళినదాన్ని చెరువుగట్టు మీద పాతారు, లేతవేళ్ళు మాడిపోయి ఎండుపుల్ల మిగిలింది. ఇంకొకరి దాన్ని మేక తినేసింది. మూడోది ఏలూరులో కూతురి డాబా మీదికి వెళ్ళి అక్కడి ఎండకి తట్టుకోలేదు. నాలుగోది బతికింది. పిన్నిగారి దడి పక్కన, నీలం బకెట్టులో, చిగురు మీద చిగురు వేసి బతికింది. పేడ రాసిన బుద్ధిమంతురాలు ఆవిడేనన్నమాట.

రోజూ పొద్దున్నే అత్తగారు దడి సందులోంచి ఆ బకెట్టు చూసి వచ్చేవారు.

"తీసుకొచ్చేదామండీ," అన్నాను ఒకరోజు. "ఆవిడ పొలం వెళ్ళారు."

"ఒక్కటే ఉంది. ఒక్కటే ఉన్న చోట చెయ్యి పెట్టకూడదు."

"అది మనదేనండీ బాబూ!"

"ఇప్పుడు ఆవిడది."

ఎండాకాలం వచ్చేసరికి పెద్దచెట్టు ఆకంతా రాల్చేసింది. అత్తగారు పెరట్లోకి వెళ్ళడం మానేశారు. కూరలో వేసే కరివేపాకు కూడా నన్నే కోసుకు రమ్మనేవారు. దానిమ్మ కొమ్మకి మట్టి కప్పమని నేను గుర్తు చేస్తే, "నువ్వే చూసుకో" అన్నారు. ఆవిడ నోట నేనెప్పుడూ ఆ మాట వినలేదు. ఆ ఒక్క మాటకి నాకు భయం వేసింది.

ఆలోచించాను. పిన్నిగార్ని అడగకూడదు. కానీ చెట్టుతో మాట్లాడొద్దని ఏ పద్ధతీ చెప్పలేదు కదా. మర్నాడు పిన్నిగారు దడి అవతల గిన్నెలు తోముకుంటుండగా నేను ఎండిన చెట్టు దగ్గరికి వెళ్ళి, దాని మొదలు మీద చెయ్యి వేసి గొంతెత్తాను.

"ఏం చెట్టువే నువ్వు! నాలుగు అంట్లిచ్చావు, నాలుగూ ఊళ్ళోవాళ్ళ పాలయ్యాయి. మా అత్తగారికి ఒక్కటీ మిగల్లేదు. లోపల దాచుకున్నారనుకున్నారేమో అందరూ. ఏం దాచుకున్నారు? వాళ్ళమ్మ గుర్తు ఇంట్లో లేక ఆవిడ పెరట్లోకి రావడమే మానేశారు."

దడి అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను చెట్టుకి నమస్కారం పెట్టి లోపలికి వచ్చేశాను.

పిన్నిగారు మూడు రోజులు మా అరుగు ఎక్కలేదు. నాలుగో రోజు తాడేపల్లిగూడెం బస్సెక్కి, సాయంత్రం ఆటోలో దిగారు. ఒళ్ళో నర్సరీ సంచీలో ఒక మొక్క. తెల్లారేసరికి దడి పక్కన నీలం బకెట్టుకి తోడు ఎర్ర బకెట్టు. రెంటిలోనూ పంపరపనసే. ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి పాలు పోసే అతన్ని పట్టుకుని, మా అరుగు మీదికి వినపడేలా అంటున్నారు. "రెండున్నాయయ్యా నా దగ్గర. రెండు! ఎక్కడ పాతుకోవాలో తెలీక చస్తున్నాను." అతను ఇంకో గ్లాసు పాలు పోసి వెళ్ళాడు.

అరుగు మీద అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. చేతులు ఆగిపోయాయి.

"రెండంటున్నారు," అన్నారు.

"ఆ, నేనూ విన్నానండీ."

"రెండుంటే పర్వాలేదు."

వాన ఒకటి పడి నేల మెత్తబడేదాకా ఆగాం. ఆ మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అత్తగారు చీర దోపి, నా భుజం పట్టుకుని, పిన్నిగారి పెరట్లోకి అడుగుపెట్టారు. పిన్నిగారు పాకలో నులకమంచం మీద, మొహం మీద కొంగు కప్పుకుని నిద్రపోతున్నారు. గురక కూడా పెడుతున్నారు. అంత నియమంగా గురక పెట్టేవాళ్ళని నేనెక్కడా చూడలేదు, ఊదేటప్పుడు కొంగు లేస్తోంది, పీల్చేటప్పుడు పడుతోంది.

అత్తగారు కాపలా నిలబడ్డారు. నేను వంగి, బాగా నిగనిగలాడుతున్న మొక్కని, అంటే ఎర్ర బకెట్టుని ఎత్తాను.

గురక ఆగింది. "అది కాదు, నీలంది," అంది కొంగు కింద గొంతు.

నేను బకెట్టు కాలి మీద వేసుకున్నంత పని చేశాను. అత్తగారు తొణకలేదు.

"నిద్రలో ఏదో కలవరిస్తున్నారులే, పట్టించుకోకు," అని నాతో అని, నీలం బకెట్టులో మొక్క ఆకు ఒకటి నలిపి వాసన చూశారు. "కలవరింత నిజమే. ఇదే మనది. ఎత్తు."

గురక మళ్ళీ మొదలైంది. దడి దాటాక అత్తగారు ఆగి, వెనక్కి తిరిగి, గట్టిగా దగ్గారు.

ఇంటి ముందు మెరక మీద గొయ్యి ముందే తవ్వి ఉంచాం. మొక్కని మట్టిగడ్డ చెదరకుండా దింపి, మట్టి సర్ది, నీళ్ళు పోశాం. అత్తగారు కింద కూర్చుని లేవలేక, నా చెయ్యి పట్టుకుని లేచి, పాదు చుట్టూ మళ్ళీ ఇంకోసారి నడిచారు. అప్పుడు తట్టింది, బకెట్టు మా దగ్గరే ఉండిపోయింది.

"ఇదెలా తిరిగివ్వాలండీ? చేతికిస్తే ఒప్పుకున్నట్టు అవుద్దిగా?"

ఆవిడ బకెట్టు తీసుకుని, దడి మీదనుంచి అవతలికి విసిరారు. అది ధబేలున పడింది. కాసేపటికి పిన్నిగారి గొంతు. "ఈ కోతులు ఒకటి! ఎక్కడివక్కడ పారేస్తున్నాయి!" మా ఊళ్ళో కోతులు లేవు.

ఆ మొక్క నిలదొక్కుకుంది. ఎండిన పెద్దచెట్టుని మావారు కొట్టించేశారు. అత్తగారు ఆ రోజు బయటికి వచ్చి చూడలేదు, అయితే ఏడవనూ లేదు. పొద్దున్నే కొత్తచెట్టు చిగుళ్ళు లెక్కపెట్టుకోవడంలో మునిగిపోయారు. దానిమ్మకి మట్టి కప్పడం కూడా మళ్ళీ ఆవిడే అందుకుని, నాకు రాదని తిట్టడం మొదలుపెట్టారు.

పోయిన ఏడాది అది మూడు పిందెలు వేసి, ఒకటి నిలుపుకుంది. కాయ పసుపుపచ్చ తిరిగాక అత్తగారే స్వయంగా కోసి, అరుగు మీద కూర్చుని వలిచారు. గులాబీరంగే. ఒక తొన నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. నేను మొహం చూస్తూ కూర్చున్నాను.

"ఎలా ఉందండీ?"

"మా అమ్మ పెరట్లో దానికి ఇంకాస్త చేదుండేది," అన్నారు, రెండో తొన వలుస్తూ. మూడోది కూడా అయ్యాక గాని నాకు ఒకటి ఇవ్వలేదు.

దడి అవతల చప్పుడైంది. "ఏవండీ వదినగారూ, ఏదో వాసనొస్తోంది?"

"పంపరపనసండీ. రండి, ఇటు రండి!"

"నేను చూడకూడదేమోనండీ!"

"మొక్కనైతే చూడకూడదు గాని, పండుకేం పట్టింపండీ? చెయ్యి చాచండి," అని అత్తగారు పండులో సగం విరిచి దడి మీదనుంచి అందించారు. తర్వాత చేతిలో మిగిలిన సగం చూసుకుని, నా వైపు తిరిగి, "ఈసారి తొలకరికి చీరల కవర్లు నాలుగు చాలవమ్మాయ్, వీధికంతా కావాలి. ఏలూరు వెళ్ళినప్పుడు గుర్తుచెయ్యి, రెండు చీరలు కొనుక్కుందాం," అన్నారు.

నాకు ఒకటి, ఆవిడకి ఒకటి కొన్నాం. నాది పచ్చరంగు.